ఈ కరెంటు ఎవరిది?



బంగారం మీద మసి పూసి, ఆ మసిలోంచి కరెంటు ఎలా పారుతుందో చూసినవాళ్ల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. 1999లో అమెరికాలో అయిదుగురు శాస్త్రవేత్తలు ఒక చిన్న పరిశోధనా పత్రం వెలువరించారు. చోంగ్‌యాంగ్ లియు, అలెన్ బార్డ్, ఫ్రెడ్ వుడ్ల్, ఐరిస్ వైట్జ్, జేమ్స్ హీత్ అన్నవి వాళ్ల పేర్లు. బార్డ్ ఆస్టిన్ నగరంలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. లారీ ఫాక్నర్‌తో కలిసి ఆయన రాసిన ఎలక్ట్రోకెమికల్ మెథడ్స్ అనే పుస్తకం 1980లో వచ్చింది. విద్యుత్ రసాయన శాస్త్రం చదివేవాళ్ల బల్ల మీద ఇప్పటికీ ఉండే పుస్తకమది. హీత్ విషయానికొస్తే, 1985లో రైస్ విశ్వవిద్యాలయంలో క్రోటో, స్మాలీ, కర్ల్ కలిసి సి-60 అనే బంతిలాంటి కార్బన్ అణువును కనిపెట్టినప్పుడు ఆ బృందంలో విద్యార్థిగా ఉన్నారు.

వీళ్లు చేసిన పని చెప్పడానికి తేలిక. చిన్న బంగారు ఎలక్ట్రోడ్, లేదా ప్లాటినం ఎలక్ట్రోడ్ తీసుకున్నారు. కార్బన్ నానోట్యూబులను ఒక ద్రావకంలో కలిపి, ఆ నల్లటి ద్రవాన్ని లోహం మీద పోసి ఆరనిచ్చారు. ద్రావకం ఆవిరైపోయాక పల్చని నల్లటి పొర మిగిలింది. దాన్ని అసిటోనైట్రైల్ అనే ద్రవంలో ముంచి, వోల్టేజిని ఒక క్రమంలో పెంచుతూ, మళ్లీ తగ్గిస్తూ, ఎంత కరెంటు పారుతుందో గ్రాఫు గీసుకున్నారు.

ఇక్కడ ఒక్క మాటలో నానోట్యూబ్ అంటే ఏమిటో చెప్పాలి. పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ అంతా పొరలు పొరలుగా పేర్చిన కార్బనే. అందులోంచి ఒక్క పరమాణువు మందం ఉన్న పొరను గొట్టంలా చుడితే ఒంటి గోడ నానోట్యూబ్ అవుతుంది. దాని అడ్డకొలత సుమారు ఒక నానోమీటరు, అంటే మీటరులో వంద కోట్లవ వంతు. పొడవు మాత్రం అడ్డకొలతకు వేల రెట్లు ఉంటుంది. జపాన్‌లో ఎన్ఈసీ సంస్థలో పనిచేసిన సుమియో ఇజిమా 1991లో ఒకదానిలో ఒకటి దూర్చినట్టున్న బహుళ గోడల గొట్టాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి ప్రకటించాక ప్రపంచం దృష్టి వీటి మీద పడింది. ఒంటి గోడ గొట్టాలు 1993లో బయటపడ్డాయి. ఇలాంటి సన్నటి కార్బన్ గొట్టాలను సోవియట్ శాస్త్రవేత్తలు రదుష్కెవిచ్, లుక్యనోవిచ్ 1952లోనే ఫొటోలు తీసి అచ్చువేశారు. అది రష్యన్ భాషలో ఉండిపోవడంతో ఎక్కువమంది కంటపడలేదు.

మళ్లీ ఆ గ్రాఫు దగ్గరికి వద్దాం. రేడియోలో బొమ్మ చూపించలేను కనుక, వీలైతే మీ వేలితో గాలిలో గీయండి. ఎడమ నుంచి కుడికి వోల్టేజి. కింది నుంచి పైకి కరెంటు. ద్రావణంలో ఎలక్ట్రాన్ ఇచ్చే పదార్థమేదో ఉందనుకోండి. వోల్టేజి పెంచుతూ పోతే మొదట కరెంటు పెద్దగా ఉండదు. ఆ పదార్థానికి సరిపడే వోల్టేజి రాగానే కరెంటు జుమ్మని లేచి, ఎలక్ట్రోడ్ పక్కనున్న సరుకు అయిపోగానే వాలిపోతుంది. అది ఒక శిఖరం. వోల్టేజిని వెనక్కి తిప్పితే, పోయిన ఎలక్ట్రాన్ తిరిగి వస్తూ కింది వైపు మరో శిఖరం గీస్తుంది. దీన్నే సైక్లిక్ వోల్టామెట్రీ అంటారు. ఇలాంటి గ్రాఫులో రసాయనవేత్త కన్ను ముందుగా వెతికేది ఆ శిఖరాలనే. ఏ వోల్టేజి దగ్గర శిఖరం లేచిందో చూసి పదార్థాన్ని గుర్తుపట్టవచ్చు. ఎంత ఎత్తు లేచిందో చూసి అది ఎంత ఉందో లెక్కకట్టవచ్చు.

సి-60 పొరలను ఎలక్ట్రోడ్ మీద వేసి చూసినప్పుడు శిఖరాలు స్పష్టంగా వచ్చాయి. బార్డ్, వుడ్ల్ ఆ పని కూడా 1991లోనే చేశారు. ద్రావణంలో ఉన్న సి-60 అయితే ఒకటి తర్వాత ఒకటిగా ఆరు ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటుందని 1992లో తేలింది. ఒక్కో ఎలక్ట్రాన్‌ది ఒక్కో మెట్టు, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం ఉంటుంది. అందుచేత బంతి ఆకారంలో ఉన్న కార్బన్ అలా నడుచుకుంటే, గొట్టం ఆకారంలో ఉన్న కార్బన్ ఎలా నడుచుకుంటుందని అడగడం సహజం.

గొట్టాల పొర శిఖరాలు చూపించలేదు. విడివిడిగా గుర్తుపట్టదగ్గ ఉబ్బెత్తు ఒక్కటీ లేదు. అలాగని కరెంటు లేకపోలేదు, బోలెడంత ఉంది. వోల్టేజి పెంచేటప్పుడు పైన ఒక గీత, తగ్గించేటప్పుడు కింద ఒక గీత, రెండింటి మధ్య వెడల్పాటి ఖాళీ. ఉత్త బంగారం గీసే గ్రాఫు సన్నగా ఉంటే, నల్లటి పొర వేసిన బంగారం గీసేది బాగా లావెక్కి ఉంది.

ఈ కరెంటు ఎవరిది? నానోట్యూబుల విద్యుత్ రసాయన శాస్త్రమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందని నా నమ్మకం. 1999లో అడిగిన ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు ఒకటైతే, తర్వాతి పదిహేనేళ్లలో వేరే వేరే చోట్ల అదే ప్రశ్నకు వచ్చిన జవాబులు ఇంకో రకం. అన్నీ చూస్తే తప్ప ఆ పొర సంగతి అర్థం కాదు.

ముందు శిఖరాలు ఎందుకు రాలేదో చూద్దాం. సి-60 అణువులన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి, ఎలక్ట్రాన్ కూర్చునే మెట్లు విడివిడిగా ఉంటాయి. నానోట్యూబ్ అలా కాదు. అది పొడవాటి వస్తువు. అందులో ఎలక్ట్రాన్ మెట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి పట్టీలుగా సాగుతాయి. పైగా గ్రాఫైట్ పొరను ఏ కోణంలో చుట్టారన్న దాన్ని బట్టి ఒక గొట్టం లోహంలా ఉంటుంది, ఇంకొకటి అర్ధవాహకంలా ఉంటుంది. మామూలుగా తయారైన సరుకులో మూడో వంతు లోహపు తరహా, మూడింట రెండు వంతులు అర్ధవాహకపు తరహా. అడ్డకొలతలూ ఒక్కలా ఉండవు. అన్నీ కట్టలు కట్టుకుని చిక్కుపడి ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఒక్కో గొట్టంలో ఒక్కో వోల్టేజి దగ్గర ఎక్కుతుంటే మొత్తం మీద కనిపించేది ఎత్తుపల్లాలు చెరిగిపోయిన చదును.

ఆ చదునులో పారే కరెంటు ఎక్కువ భాగం కెపాసిటర్‌ది. లోహాన్ని గానీ కార్బన్‌ను గానీ అయాన్లున్న ద్రవంలో ముంచి దానికి రుణ విద్యుత్తు ఇస్తే, ద్రవంలోని ధన అయాన్లు వచ్చి దాని ముఖం ముందు బారు తీరతాయి. ఒకవైపు ఎలక్ట్రాన్లు, ఎదురుగా అయాన్లు, మధ్యలో నానోమీటరు కూడా లేని ఎడం. ఎలక్ట్రాన్ ఆ ఎడాన్ని దాటదు, రసాయన చర్య జరగదు. అయినా బయటి తీగలో కరెంటు పారుతుంది, ఎందుకంటే ఆ ముఖాన్ని నింపడానికి ఎలక్ట్రాన్లు రావాలి కదా. ఎలక్ట్రాన్లు, అయాన్లు ఇలా ఎదురెదురుగా బారు తీరిన అమరికను జంట పొర అంటారు. హెల్మ్‌హోల్ట్స్ 19వ శతాబ్దంలోనే ఈ ఊహ చేశారు. గూయ్, చాప్‌మన్, స్టెర్న్ తర్వాత దానికి మెరుగులు దిద్దారు. ఎడం అంత తక్కువ కనుకనే చదరపు సెంటీమీటరు ముఖం మీద పది, ఇరవై మైక్రోఫారడ్ల కెపాసిటెన్స్, అంటే విద్యుత్తును నిలుపుకునే సామర్థ్యం, ఉంటుంది. ఇక ముఖం వైశాల్యం పెంచగలిగితే నిల్వ కూడా అదే దామాషాలో పెరుగుతుంది. ఇలా ఎక్కువ విద్యుత్తును నిల్వచేసే సూపర్‌కెపాసిటర్ల వెనకున్న కిటుకు ఇదే.

1999 నాటి పొర విషయంలో వాళ్లు లెక్కగట్టింది గ్రాముకు 283 ఫారడ్లు. నీళ్లు లేని ద్రావకాల్లో మామూలు కార్బన్ ఎలక్ట్రోడ్లు ఇచ్చేదానికి ఇది దాదాపు రెట్టింపని వాళ్లే రాశారు. దానికి రెండేళ్ల ముందు, 1997లో, హైపీరియన్ అనే కంపెనీ వాళ్లు బహుళ గోడల గొట్టాలతో చాప అల్లి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పెట్టి గ్రాముకు 102 ఫారడ్లు చూపించారు. వాళ్ల సరుకులో గ్రాముకు 430 చదరపు మీటర్ల ముఖం ఉంది.

ఈ 283 అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. ఒక గ్రాము ఒంటి గోడ గొట్టాల బయటి ముఖమంతా విప్పి పరిస్తే సిద్ధాంతం ప్రకారం 1,300 చదరపు మీటర్ల పైచిలుకు వస్తుంది. చదరపు సెంటీమీటరుకు పది మైక్రోఫారడ్లు వేసుకుంటే అది 130 ఫారడ్లు. అది కూడా ఒక్కో గొట్టం విడిగా, ఒంటినిండా ద్రవం తగిలేలా ఉంటేనే. నిజంగా పొరలో గొట్టాలు కట్టలుగా ఉంటాయి. కట్ట లోపలి గొట్టం ముఖం దాకా అయాన్ పోవడం కష్టం. మరి 283 ఎలా వచ్చింది? చదరపు సెంటీమీటరు లెక్క మనం అనుకున్నదానికంటే ఎక్కువైనా ఉండాలి, లేదా గొట్టాల మీద అంటుకున్న ఆక్సిజన్ గుంపుల వంటివి చడీచప్పుడు లేకుండా ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటూనైనా ఉండాలి. ఇంకో సంగతి. ఇంత పల్చటి పొర బరువు చాలా కొద్ది. గ్రాముకు ఇన్ని ఫారడ్లు అని చెప్పేటప్పుడు ఆ బరువుతో భాగిస్తాం. భాగహారంలో కింద ఉన్న అంకె చిన్నదైతే తూకంలో కాస్త తేడా కూడా జవాబును బాగా కదిలిస్తుంది. అంచేత ఇలాంటి అంకెను పొర బరువు ఎంతో, మందం ఎంతో చూశాకే నమ్మాలి. సూపర్‌కెపాసిటర్ల వార్తలు పేపర్లో చదివేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. పల్చటి పొర మీద కొలిచిన గ్రాము లెక్క, చేత్తో పట్టుకునే పరికరంలో రాదు. అక్కడ లోహపు రేకు బరువు, ద్రవం బరువు, డబ్బా బరువు అన్నీ కలుస్తాయి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. బార్డ్ కంటే మూడేళ్ల ముందే, 1996లో, నానోట్యూబులతో ఎలక్ట్రోడ్ చేసి చూపించిన పత్రం ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి వచ్చింది. పి.జె. బ్రిట్టో, కె.ఎస్.వి. సంతానం, పి.ఎం. అజయన్ దాని రచయితలు. అజయన్ కేరళలో పుట్టి, వారణాసిలో లోహశాస్త్రం చదివి, ఇజిమా దగ్గర కూడా పనిచేసినవారు. ఇక సంతానం, బార్డ్ ఇద్దరూ 1960లలోనే కలిసి పనిచేశారు. ఎలక్ట్రోడ్ మీద పుట్టిన అయాన్లు కలిసి వెలుగునివ్వడం గురించి ఇద్దరి పేర్లతో 1965లో వచ్చిన పత్రం ఈ రంగంలో తొలినాటి పనుల్లో ఒకటి. ముప్పై ఏళ్ల తర్వాత ఒకరు ముంబయిలో, ఇంకొకరు ఆస్టిన్‌లో అదే నల్లటి పదార్థం మీద పని మొదలుపెట్టారు.

ముంబయి బృందం నానోట్యూబులను బ్రోమోఫారంతో ముద్దలా కలిపి, గాజు గొట్టంలో కూరి ఎలక్ట్రోడ్ చేసింది. దాంతో డోపమిన్‌ను పరీక్షించింది. డోపమిన్ మెదడులో నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపడానికి వాడుకునే రసాయనం. అది తగ్గిపోతే పార్కిన్సన్ జబ్బు లక్షణాలు కనిపిస్తాయి. డోపమిన్ అణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలి క్వినోన్‌గా మారుతుంది, తిరిగి పుచ్చుకుని మామూలు రూపానికి వస్తుంది. ఈ రాకపోకలు ఎంత సాఫీగా జరిగితే పై శిఖరం, కింది శిఖరం అంత దగ్గరగా ఉంటాయి. రెండు ఎలక్ట్రాన్ల చర్యకు సిద్ధాంతం చెప్పే ఎడం సుమారు 30 మిల్లీవోల్టులు. మామూలు కార్బన్ ఎలక్ట్రోడ్ల మీద అంతకంటే చాలా ఎక్కువ ఎడం వస్తుంటే, నానోట్యూబుల మీద డోపమిన్ దాదాపు ఆదర్శంగా నడుచుకుంది.

అక్కణ్ణించి పత్రాలు వెల్లువెత్తాయి. 2003లో జోసెఫ్ వాంగ్ బృందం నఫియాన్ అనే పాలిమర్‌తో నానోట్యూబులను ద్రావణంలో చక్కగా కలపవచ్చని చూపించాక, ఎవరైనా ఒక బొట్టు ఎలక్ట్రోడ్ మీద వేసి కొలత తీయగలిగారు. డోపమిన్, విటమిన్ సి, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రజీన్, గ్లూకోజ్ ఏది పెట్టినా శిఖరం పైకి లేచింది, తక్కువ వోల్టేజికి జరిగింది, పదును తేలింది. నానోట్యూబ్ మంచి ఉత్ప్రేరకం అన్న మాట స్థిరపడిపోయింది.

ఆ మాటను నిలదీసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది ఆక్స్‌ఫర్డ్‌లోని రిచర్డ్ కాంప్టన్ బృందాన్ని. వాళ్లూ అడిగింది ఈ కరెంటు ఎవరిదనే.

మొదటి జవాబు ఇనుము. నానోట్యూబులు వాటంతటవి పుట్టవు. వేడి కొలిమిలో ఇనుము, కోబాల్ట్, నికెల్ వంటి లోహాల నలుసుల మీద కార్బన్ వాయువు విరిగి గొట్టంలా పెరుగుతుంది. పెరిగాక ఆ నలుసులు లోపలే ఉండిపోతాయి. 2006లో కాంప్టన్ బృందం బహుళ గోడల గొట్టాల మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్యను పరిశీలించి, అసలు పని చేస్తున్నది కార్బన్ కాదు, అందులో మిగిలిన ఇనుప ఆక్సైడు నలుసులని తేల్చింది. ఆమ్లంతో కడిగితే పోవా అంటే, మార్టిన్ పుమేరా అనే శాస్త్రవేత్త 2007లో దానికీ జవాబిచ్చారు. వేడి నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టినా కొన్ని నలుసులు పోవు. వాటి చుట్టూ కొన్ని పొరల గ్రాఫైట్ తొడుగు ఉంటుంది. ఆమ్లం దాన్ని దాటి లోపలికి పోలేదు.

రెండో జవాబు నాకు ఇంకా బాగా నచ్చుతుంది, ఎందుకంటే దీనిలో తప్పు పదార్థానిది కాదు, మనం గ్రాఫును చదివే తీరుది. నానోట్యూబుల పొర గట్టి పలక కాదు, సందులమయం. ఆ సందుల్లో ద్రావణం చేరి నిలుస్తుంది. చదునైన ఎలక్ట్రోడ్ దగ్గర డోపమిన్ అణువు దూరం నుంచి మెల్లగా వ్యాపించి రావాలి. సందులో ఉన్న అణువు అప్పటికే గోడ పక్కన ఉంది. చెరువు నుంచి బిందెతో తెచ్చుకునే నీళ్లకూ, పెరట్లో తొట్టెలో నిలవున్న నీళ్లకూ ఉన్న తేడా ఇది. తొట్టెలో నీళ్లు చేయి ముంచితే అందుతాయి, ఒక్కసారిగా అయిపోతాయి. గ్రాఫులో దాని ఫలితం ఏమిటంటే, శిఖరాలు పదునుగా లేస్తాయి, దగ్గరకు జరుగుతాయి, తక్కువ వోల్టేజి దగ్గరే కనిపిస్తాయి. ఎలక్ట్రాన్ దాటే వేగం ఏమీ పెరగకపోయినా పెరిగినట్టే కనిపిస్తుంది. ఇయాన్ స్ట్రీటర్, కాంప్టన్, వాళ్ల సహచరులు 2008లో ఈ సంగతిని గణితంతో నిరూపించారు. మామూలు ఎలక్ట్రోడ్ మీద కలిసిపోయి ఉండే రెండు పదార్థాల శిఖరాలు నానోట్యూబుల పొర మీద విడిపోయి కనిపించడానికి కూడా చాలా సందర్భాల్లో కారణం ఇదే.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ల్యాబులో విద్యార్థులకు ముందు నేర్పవలసింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. వోల్టేజిని పెంచే వేగాన్ని నాలుగు రెట్లు చేయండి. ద్రావణంలో దూరం నుంచి అణువులు వస్తుంటే శిఖరం రెండు రెట్లే పెరుగుతుంది. రాండిల్స్, షెవ్చిక్ 1948లో విడివిడిగా రాబట్టిన సూత్రం ఇది, కరెంటు వేగం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. సందుల్లో చిక్కుకున్న ద్రవానిదైనా, ముఖం మీద అంటుకున్న పదార్థానిదైనా, కెపాసిటర్‌దైనా కరెంటు నాలుగు రెట్లూ పెరుగుతుంది. ఇంకొకటి, కొలత అయ్యాక ఎలక్ట్రోడ్‌ను కడిగి, డోపమిన్ లేని శుభ్రమైన ద్రావణంలో మళ్లీ ముంచి చూడండి. శిఖరం ఇంకా వస్తుంటే అది పొరలో పట్టుబడి ఉన్న సరుకుదే. ఈ రెండూ చేయడానికి ఖర్చేమీ లేదు. అయినా ఈ పరీక్షలు పెట్టకుండానే ఎన్నో పత్రాలు ఉత్ప్రేరకం అని రాసేశాయి.

నానోట్యూబుకు సొంత పనితనం ఏమీ లేదా అంటే, ఉంది. గొట్టం చివర్లలోనే ఎలక్ట్రాన్లు దాటుతాయి, గోడలు జడం అని కాంప్టన్ బృందం 2004లో వాదించింది. ఆ వాదన మీద ఏళ్ల తరబడి చర్చ సాగింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 2005లో ఒక్కటంటే ఒక్క ఒంటి గోడ గొట్టాన్ని ఎలక్ట్రోడ్‌గా చేసి కొలిచారు. బ్రిటన్‌లోని వార్విక్‌లో పాట్రిక్ అన్విన్, జూలీ మెక్‌ఫెర్సన్ బృందాలు సన్నటి గాజు ములికి చివర ద్రావణపు బొట్టు నిలిపి, దాన్ని ఒక్కో గొట్టం వెంట నడిపించి, ఎక్కడ ఎంత కరెంటు వస్తుందో పటం గీశాయి. 2014 నాటికి గోడలు కూడా చురుకైనవేనని, ఒక గొట్టం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా చర్య జరుగుతుందని తేలింది. పొరలో కాకుండా గొట్టాన్ని ఒంటరిగా నిలబెట్టి అడిగితే తప్ప దాని మాట వినబడలేదు.

ఇంతవరకూ కార్బన్ గురించే మాట్లాడాను. అడుగున ఉన్న లోహాన్ని మరిచిపోకూడదు. పొర ఎలా వేస్తారో దగ్గర నుంచి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. బంగారు ఎలక్ట్రోడ్ అంటే, మనిషి వేలి లావున ఉండే తెల్లటి ప్లాస్టిక్ కడ్డీ కొసన రెండు మూడు మిల్లీమీటర్ల బంగారు చుక్క. తడి గుడ్డ మీద మెత్తటి అల్యూమినా పొడి చల్లి, దాని మీద ఆ కొసను గుండ్రంగా తిప్పుతూ అద్దంలా మెరిసేదాకా అరగదీస్తారు. కడిగి, ఆరబెట్టి, నానోట్యూబులు కలిపిన నల్లటి బొట్టు ఒకటి దాని మీద నిలుపుతారు. బొట్టు ఆరుతుంటే లోపలి నలుసులు అంచుకు కొట్టుకుపోతాయి. చివరికి చుట్టూ చిక్కటి నల్లటి వలయం, నడుమ పల్చగా బూడిదరంగు మిగులుతాయి. కొన్ని చోట్ల బంగారం అలాగే కనిపిస్తూ ఉంటుంది. అంటే ద్రావణం నేరుగా బంగారాన్నీ తాకుతోంది. ఇదే ఎలక్ట్రోడ్‌ను ఆమ్లంలో పెడితే బంగారం పైముఖం ఆక్సైడుగా మారి, తిరిగి వచ్చేటప్పుడు తన సొంత శిఖరం గీస్తుంది. ప్లాటినం అయితే హైడ్రోజన్‌ను అంటించుకుని వదిలే కరెంటు కూడా కలుపుతుంది. వాటిని నానోట్యూబుల ఖాతాలో వేసుకునే ప్రమాదం ఉంది. 1999 పనిలో నీళ్లకు బదులు అసిటోనైట్రైల్ వాడటం వల్ల ఈ గొడవ చాలావరకు తప్పింది. వోల్టేజిని చాలా దూరం జరిపినా ఆ ద్రవం విరిగిపోదు.

లోహానికీ గొట్టానికీ మధ్య అతుకు కూడా పెద్ద సమస్యే. బొట్టు వేసి ఆరబెట్టిన పొర లోహం మీద ఊరికే కూర్చుని ఉంటుంది. ఎలక్ట్రాన్ ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి, అక్కణ్ణించి లోహానికి దూకుతూ రావాలి, ప్రతి దూకుడు దగ్గరా నిరోధం ఉంటుంది. నాలుగు సార్లు ముంచి తీస్తే పొర పెచ్చులుగా ఊడుతుంది. లోహం మీదే గొట్టాలను పెంచితే పోలేదా? అక్కడో చిక్కు ఉంది. కొలిమి వేడికి ఇనుప నలుసులు కింది లోహంలో కలిసిపోతాయి, ఇక గొట్టం పెరగడానికి ఆధారం ఉండదు. అలా కలవకుండా మధ్యలో అల్యూమినా పొర వేస్తే అది విద్యుత్తును ఆపేస్తుంది. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్‌లో అజయన్ బృందం నికెల్, క్రోమియం, ఇనుము కలిసిన ఇంకోనెల్ అనే మిశ్రమ లోహం మీద నేరుగా, నిటారుగా నిలబడే గొట్టాల తోపును పెంచి, దాన్ని కెపాసిటర్‌గా వాడి చూపించింది. ఆ పత్రం రచయితల్లో నలమాసు ఓంకారం ఉన్నారు. మన చెవికి దగ్గరగా వినిపించే ఇంటిపేరు కనుక చెబుతున్నాను.

ఈ పొరలకు నిజంగా ఎక్కడ విలువ ఉందంటే, నా ఉద్దేశంలో నాడీమండలానికి తగిలించే ఎలక్ట్రోడ్లలో. మెదడులో ఒక కణం పలికే మాట మైక్రోవోల్టుల్లో ఉంటుంది. దాన్ని వినాలంటే తీగ కొస ఆ కణమంత చిన్నదిగా ఉండాలి. కొస చిన్నదైతే దాని కెపాసిటెన్స్ తగ్గి, ఇంపీడెన్స్, అంటే మారే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, పెరిగి, మాట రొదలో కలిసిపోతుంది. మెదడుకు కరెంటు ఇచ్చేటప్పుడు ఇంకో కష్టం. ఉత్త లోహపు కొస గుండా ఎక్కువ విద్యుత్తు పంపితే నీరు విరుగుతుంది, లోహం కరుగుతుంది, కణాలకు హాని. అక్కడ మనకు కావలసింది రసాయన చర్య లేని కరెంటు, అంటే కెపాసిటర్ కరెంటు. బంగారం మీద వేసిన ఒంటి గోడ గొట్టాల పొర 1999లో శిఖరాలు లేకుండా ఇచ్చిన కరెంటు సరిగ్గా అలాంటిదే. 2008లో ఎడ్వర్డ్ కీఫర్, గుంటర్ గ్రాస్ తదితరులు టంగ్‌స్టన్, స్టెయిన్‌లెస్ స్టీలు తీగల మీద నానోట్యూబుల పూత వేసి, ఎలుకల్లో, కోతుల్లో నాడీ సంకేతాలు విన్నారు. ఇంపీడెన్స్ తగ్గింది, పంపగలిగిన విద్యుత్తు పెరిగింది. తీగ కొస పరిమాణం అంతే ఉంది, ముఖం మాత్రం విస్తరించింది.

డోపమిన్‌ను కొలవాలంటే దీనికి విరుద్ధమైన అవసరం. అక్కడ ఎలక్ట్రాన్ దాటాల్సిందే, శిఖరం లేవాల్సిందే. కెపాసిటర్ కరెంటు ఎక్కువైతే అది చిన్న శిఖరాన్ని మింగేస్తుంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో జిల్ వెంటన్ బృందం 2016లో రకరకాల లోహపు తీగల మీద నానోట్యూబులను పెంచి చూస్తే, నియోబియం మీద పెరిగినవి డోపమిన్‌ను బాగా పట్టుకున్నాయి. లోహం మారితే పొర పెరిగే తీరు మారుతుంది, పొర మారితే కరెంటు మారుతుంది. అందుకే ఒక పొర మీద తీసిన ఫలితాన్ని ఇంకో పొరకు అంటగట్టడం కుదరదు.

కీఫర్ పత్రం వచ్చిన 2008లోనే, అదే నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో, ఎడిన్‌బరోకు చెందిన కెన్ డొనాల్డ్‌సన్, ఆయన సహచరులు మరో ఫలితం ప్రకటించారు. పొడవాటి, బిరుసైన బహుళ గోడల గొట్టాలను ఎలుకల ఉదర కుహరంలోకి ఎక్కిస్తే, ఆస్‌బెస్టాస్ నారలు కలిగించే తరహా వాపు, గడ్డలు కనిపించాయి. పొట్టివి, చిక్కుపడినవి అలా చేయలేదు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక రకం బహుళ గోడల గొట్టాన్ని మనిషికి క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో చేర్చింది. మిగతా రకాల మీద ఏదీ తేల్చడానికి ఆధారాలు చాలలేదని చెప్పింది.

కనుక లోహం మీద పొర ఎంత గట్టిగా పట్టుకుని ఉందన్నది ఇప్పుడు కరెంటుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. మెదడులో ఏళ్ల తరబడి ఉండవలసిన తీగ నుంచి ఒక్క పెచ్చు ఊడినా అది పోయేది కణాల మధ్యకే. ఇంకోనెల్ మీద, నియోబియం మీద గొట్టాలను నేరుగా పెంచే పని నాకు ముఖ్యంగా కనిపించేది ఇందుకే. ఆ అతుకు ఉప్పునీటి వంటి శరీర ద్రవంలో, 37 డిగ్రీల వేడిలో, లక్షల సార్లు విద్యుత్తు నింపి తీశాక కూడా నిలుస్తుందా అని కొలిచే పరీక్షలే ఈ పొరలు మనిషి దాకా వస్తాయో రావో తేల్చాలి.